పిల్లి మాటలతో అర్థాల చుట్టరికం: పదాల మధ్య సంబంధాలు గుర్తించడం ఎలా?

పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు, నానార్థాలు. బడిలో తెలుగు చదివిన ఎవరికైనా ఈ మూడు పేర్లు గుర్తుంటాయి. పరీక్షకు అవి చాలు. కానీ నిఘంటువు రాయాలన్నా, అనువాదంలో సరైన మాట ఎంచుకోవాలన్నా, కంప్యూటర్‌కు తెలుగు నేర్పే డేటాకు లేబుళ్లు పెట్టాలన్నా చాలవు. మాటల మధ్య అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చే సంబంధం, అంటే 'ఇది అందులో ఒక రకం' అనేది, ఆ జాబితాలో లేనే లేదు. 'ఇది అందులో ఒక భాగం' అనేదీ లేదు.

ఈ మార్గదర్శిలో ఆ సంబంధాలను ఒక్కొక్కటిగా పట్టుకుని, వాక్యాలతో పరీక్షించి, చివరికి ఒక పటంగా గీస్తాం. ఉదాహరణలన్నీ పిల్లి చుట్టూ ఉండే మాటలే. పిల్లినే తీసుకోవడానికి కారణముంది. అది అందరికీ తెలిసిన జంతువు. దాని చుట్టూ అచ్చ తెలుగు మాటలున్నాయి, సంస్కృతం మాటలున్నాయి, ఈమధ్య వచ్చిన బ్రీడ్ పేర్లున్నాయి. పైగా 'పిల్లి' అని రాసి ఉన్నా పిల్లికి సంబంధం లేని మాటలు కూడా బోలెడు.

ఒక నియమం మాత్రం మొదటి నుంచీ పట్టుకోండి. సంబంధం ఉందా లేదా అన్నది మనసుకు తోచిన దాన్నిబట్టి తేల్చకూడదు. ఒక వాక్యం రాసి, అది నిలుస్తుందో లేదో చూసి తేల్చాలి.

1. ముందు మాటలు పోగెయ్యండి

ఈ దశలో ఏదీ వడపోయకండి. తోచినవన్నీ రాసెయ్యండి. నా జాబితా ఇదీ:

పిల్లి, పిల్లికూన, పిల్లిపిల్ల, గండుపిల్లి, ఆడపిల్లి, తల్లిపిల్లి, నల్లపిల్లి, చారల పిల్లి, మూడు రంగుల పిల్లి, పెంపుడు పిల్లి, వీధిపిల్లి, దొంగపిల్లి, పర్షియన్, సయామీ, మాంక్స్, స్ఫింక్స్, మార్జాలం, బిడాలం, అడవిపిల్లి, పునుగుపిల్లి, పులి, సింహం, చీతా, జంతువు, పెంపుడు జంతువు, తోక, మీసాలు, పంజా, గోరు, పిల్లిమొగ్గ, పిల్లికళ్లు, పిల్లిగడ్డం, పిల్లిపీచర.

ముప్పై దాటితే సాధనకు సరిపోతుంది. వంద దాటితే పటం గీసేటప్పుడు కళ్లు తిరుగుతాయి.

2. 'పిల్లి' అని ఉన్నంతమాత్రాన పిల్లి అనుకోకండి

తెలుగు సమాసాల్లో సాధారణంగా చివరి మాటే అసలు వస్తువేమిటో చెబుతుంది. ముందున్నది దాన్ని వర్ణిస్తుంది. గండుపిల్లి, వీధిపిల్లి, నల్లపిల్లి చివర పిల్లి ఉంది, కాబట్టి అవి పిల్లులు. పిల్లిమొగ్గ చివర మొగ్గ ఉంది. అది ఒక గెంతు. పిల్లిగడ్డం ఒక రకం గడ్డం. పిల్లికళ్లు మనుషులకు ఉండే లేతరంగు కళ్లు. పిల్లిపీచర అయితే ఏకంగా మొక్క, శతావరికి ఇంకో పేరు. వీటిని జాబితాలోంచి కొట్టెయ్యకుండా పక్కన వేరే కాలమ్‌లో పెట్టండి. ఆ పోలిక ఎలా పుట్టిందన్నది వేరే ప్రశ్న. ఇప్పుడు మనకు కావలసింది రకం.

అయితే చివరి మాట సూత్రం రెండు చోట్ల బెడిసికొడుతుంది.

మొదటిది పునుగుపిల్లి. చివర పిల్లి ఉంది, చూడ్డానికీ కొంత అలాగే ఉంటుంది. కానీ జంతుశాస్త్రం దాన్ని పిల్లి కుటుంబమైన ఫెలిడేలో కాకుండా వివెరిడే అనే వేరే కుటుంబంలో పెడుతుంది. మరి 'పునుగుపిల్లి ఒక రకం పిల్లి' అన్న వాక్యం తప్పా, ఒప్పా? జనం వాడుకలో ఒప్పు, శాస్త్రంలో తప్పు. మీ పటం ఏ వాడుక కోసమో ముందే రాసి పెట్టుకోండి. రెండూ కలిపి గీసిన పటం ఎవరికీ పనికిరాదు.

రెండోది పిల్లికూన. ఇది షష్ఠీ తత్పురుష, పిల్లి యొక్క కూన. సూత్రం ప్రకారం ఇది ఒక రకం కూన: పులికూన, కుక్కకూన లాగా. నిజమే. కానీ పిల్లికూన పిల్లి కూడా. అదే అచ్చులో ఉన్న 'పిల్లితోక' మాత్రం పిల్లి కాదు. అంటే సమాసం రూపం దారి చూపిస్తుందే తప్ప తీర్పు చెప్పదు.

3. ఒక్కో మాటలో ఎన్ని అర్థాలున్నాయో విడదీయండి

అందరూ దాటేసే దశ ఇదే. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడ పుట్టినవే. సంబంధాలు మాటల మధ్య ఉండవు, అర్థాల మధ్య ఉంటాయి. అందుకని 'పిల్లి' అన్న మాటను కనీసం మూడుగా విడగొట్టాలి.

పిల్లి-1: ఇళ్లలోనూ వీధుల్లోనూ తిరిగే చిన్న జంతువు. 1758లో జంతువులకు శాస్త్రీయ నామాలు పెట్టిన కార్ల్ లిన్నేయస్ ఫెలిస్ కాటస్ అని పేరు పెట్టింది దీనికే.
పిల్లి-2: పులి, సింహం, చీతాలతో సహా ఆ కుటుంబం మొత్తం. 'పులి కూడా పిల్లి జాతే' అన్నప్పుడు మన ఉద్దేశం ఇది.
పిల్లి-3: పిరికివాడు, నోరులేనివాడు. 'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' అన్న సామెతలో ఉన్నది.

పిల్లి-1 అనేది పిల్లి-2లో ఒక రకం. అంటే ఒకే మాట తనకు తానే పైమాట, తానే కిందిమాట. వినడానికి వింతగా ఉన్నా భాషల్లో ఇది మామూలే. నంబర్లు వేసుకోకపోతే మాత్రం 'పులి పిల్లే, పిల్లి పాలు తాగడానికి వంటింట్లోకి వస్తుంది, కాబట్టి పులీ వస్తుంది' లాంటి తర్కం తయారవుతుంది.

మాట ఒకటే, అర్థాలు రెండు అని నిరూపించడం ఎలా? తెలుగులో దీనికి మంచి సాధనం ఉంది, క్రియ చివర. 'పిల్లలు' అన్న మాట చూడండి.

పిల్లలు ఆడుకుంటున్నారు.
పిల్లలు ఆడుకుంటున్నాయి.

మొదటి వాక్యంలో ఉన్నది మనుషుల పిల్లలు, రెండో దాంట్లో కూనలు. కర్త మారలేదు, క్రియ మారింది. ఇప్పుడు రెంటినీ ఒకే క్రియకు కట్టి చూడండి: 'సీతకూ మా పిల్లికీ ఇద్దరేసి పిల్లలున్నారు.' నవ్వొస్తుంది. ఆ నవ్వే రుజువు. అర్థం ఒకటే అయితే వాక్యం సాఫీగా సాగేది. 'సీతకూ లక్ష్మికీ ఇద్దరేసి పిల్లలున్నారు' అంటే ఎవరూ నవ్వరు.

అయితే ఈ సాధనం పిల్లి ఆడదో మగదో తేల్చడానికి పనికిరాదు. గండుపిల్లి వచ్చింది, తల్లిపిల్లి వచ్చింది. తెలుగు క్రియకు రెండూ 'అది'యే.

4. 'ఒక రకం' సంబంధాన్ని మూడు పరీక్షలకు పెట్టండి

ఇది గుండెకాయ లాంటి దశ, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. విశాలమైన అర్థం ఉన్న మాటను పైమాట అనీ, దానిలో ఇమిడేదాన్ని కిందిమాట అనీ అందాం. పిల్లి-1కి జంతువు పైమాట, పర్షియన్ పిల్లి కిందిమాట.

మొదటి పరీక్ష: *ఇతర*. 'పిల్లులు, ఇతర జంతువులు' అనగలం. 'జంతువులు, ఇతర పిల్లులు' అనలేం. 'ఇతర' తర్వాత వచ్చేదే పైమాట. 'వంటి', 'మొదలైన' కూడా ఇదే పని చేస్తాయి: పులి, సింహం వంటి జంతువులు. ఇలాంటి వాక్యపు అచ్చులను వెతికి పైమాటలు, కిందిమాటలు కంప్యూటర్‌తోనే పోగెయ్యవచ్చని 1992లో కంప్యూటర్ శాస్త్రవేత్త మార్టి హర్స్ట్ చూపించారు. ఆవిడ పని ఇంగ్లీషు మీద. ఉపాయం మాత్రం తెలుగుకూ సరిపోతుంది.

రెండో పరీక్ష: *కాబట్టి*. 'ఇది పిల్లి, కాబట్టి జంతువు' నిలుస్తుంది. 'ఇది జంతువు, కాబట్టి పిల్లి' నిలవదు. ఒక దిక్కున నిలిచి, ఇంకో దిక్కున నిలవకపోతేనే అది పైమాట–కిందిమాట సంబంధం. రెండు దిక్కులా నిలిస్తే పర్యాయపదాలు. ఎటూ నిలవకపోతే ఇంకేదో.

మూడో పరీక్ష: *లేదు*. ఇది కొంచెం గమ్మత్తైనది. 'ఇంట్లో పిల్లి ఉంది' నిజమైతే 'ఇంట్లో జంతువు ఉంది' కూడా నిజమే. కిందినుంచి పైకి వెళ్లాం. ఇప్పుడు 'ఉంది' తీసి 'లేదు' పెట్టండి. 'ఇంట్లో పిల్లి లేదు' అంటే జంతువే లేదని కాదు, కుక్క ఉండొచ్చు. కానీ 'ఇంట్లో జంతువేదీ లేదు' అంటే పిల్లీ లేనట్టే. దిక్కు తిరగబడి పైనుంచి కిందికి వచ్చింది. 'జంతువులకు ప్రవేశం లేదు' అన్న బోర్డు పిల్లిని తీసుకొచ్చినవాళ్లనూ ఆపేది ఇందుకే. వాక్యంలో 'లేదు, కాదు, వద్దు' ఉన్నప్పుడు పైమాట వాడితే నియమం పెద్దదవుతుంది, కిందిమాట వాడితే చిన్నదవుతుంది. నిబంధనలు రాసేవాళ్లకు నిజంగా ఉపయోగపడే సంగతి ఇది.

మూడు పరీక్షలెందుకు, ఒకటి చాలదా అంటే చాలదు. 'పెంపుడు జంతువు' తీసుకోండి. 'పిల్లులు, ఇతర పెంపుడు జంతువులు' చక్కగా ఉంది, ఇతర పరీక్ష పాస్. 'ఇది పిల్లి, కాబట్టి పెంపుడు జంతువు'? నిలవదు. వీధిపిల్లిని ఎవరూ పెంచడం లేదు. అంటే 'పెంపుడు జంతువు' పిల్లికి నికార్సయిన పైమాట కాదు. పిల్లిని తలుచుకోగానే గుర్తొచ్చే పాత్ర మాత్రమే. ఇలాంటి సంబంధాన్ని పటంలో చుక్కల గీతతో చూపించండి.

అసలు 'పెంపుడు' అన్న మాటే రెండు పడవల మీద ఉంది. ఒక అర్థంలో, 'ఎవరో ఒకరు సాకుతున్నది'. ఇంకో అర్థంలో, 'తరతరాలుగా మనిషి దగ్గర బతకడానికి అలవాటుపడిన జాతి'. మొదటి అర్థంలో వీధిపిల్లి పెంపుడుది కాదు. రెండో అర్థంలో పెంపుడుదే, ఎందుకంటే అది కూడా ఫెలిస్ కాటసే. అడవిపిల్లి వేరే జాతి కాబట్టి రెండు అర్థాల్లోనూ పెంపుడుది కాదు. 'వీధిపిల్లి పెంపుడు పిల్లేనా?' అని ఇద్దరు వాదించుకుంటుంటే ఇద్దరూ ఒప్పే కావచ్చు. 3వ దశలో నంబర్లు వేయమన్నది ఈ గొడవ తప్పించడానికే.

5. ఒక్కో మాట ఏ ప్రశ్నకు జవాబో రాయండి

పిల్లి కింద వచ్చే మాటలన్నీ ఒకే వరసలో పేర్చాలనిపిస్తుంది: గండుపిల్లి, నల్లపిల్లి, పర్షియన్ పిల్లి, పిల్లికూన, వీధిపిల్లి. అలా పేర్చకండి. 'ఇది గండుపిల్లా, పర్షియన్ పిల్లా?' అని అడిగి చూడండి. ప్రశ్నే తప్పుగా వినిపిస్తుంది, ఎందుకంటే ఒకే పిల్లి రెండూ కావచ్చు. 'ఇది పర్షియనా, సయామీయా?' అంటే మాత్రం సరైన ప్రశ్న.

ప్రతి కిందిమాట పక్కన అది జవాబిచ్చే ప్రశ్న రాయండి:

ఆడదా, మగదా? గండుపిల్లి, ఆడపిల్లి.
వయసెంత? పిల్లికూన, ఎదిగిన పిల్లి.
రంగూ మచ్చలూ ఏమిటి? నల్లపిల్లి, చారల పిల్లి, మూడు రంగుల పిల్లి.
ఏ బ్రీడ్? పర్షియన్, సయామీ, మాంక్స్, స్ఫింక్స్.
ఎక్కడ బతుకుతుంది? వీధిపిల్లి, ఇంటిపిల్లి.
నడత ఎలాంటిది? దొంగపిల్లి.

ఒకే ప్రశ్నకు జవాబిచ్చే మాటలే ఒకదానికొకటి తోబుట్టువులు. వాటిలో ఒకటి నిజమైతే మిగతావి సాధారణంగా అబద్ధం. వేర్వేరు ప్రశ్నలకు జవాబులైతే ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. ఒకే పిల్లి నల్లది, గండుది, వీధిది, దొంగది కావచ్చు.

చారల పిల్లి ఒక బ్రీడ్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చారలు ఒంటిమీది డిజైన్ మాత్రమే. చాలా బ్రీడ్లలోనూ, ఏ బ్రీడూ కాని మామూలు పిల్లుల్లోనూ కనిపిస్తాయి.

'గండుపిల్లి' మాత్రం ఒకేసారి రెండు ప్రశ్నలకు జవాబిస్తుంది. మగది, ఎదిగినది. పుట్టి వారమైన మగకూనను గండుపిల్లి అనం. ఇలాంటి మాటను లక్షణాలుగా విడగొట్టి రాసుకుంటే తేలిక: పిల్లి + మగ + ఎదిగిన. కూన అయితే పిల్లి + ఎదగని, ఆడో మగో చెప్పదు. ఏ లక్షణం గురించి మాట మౌనంగా ఉందో అది కూడా రాసుకోవాలి.

లక్షణాలు రాస్తుంటే ఖాళీలు బయటపడతాయి. పశువుల విషయంలో తెలుగుకు ఎంత పట్టింపో చూడండి: ఆవు, ఎద్దు, కోడె, ఆబోతు, దూడ, పెయ్య. ఒక్కోటీ విడి మాట. కోళ్లలో పుంజు, పెట్ట. గొర్రెల్లో పొట్టేలు. పిల్లి దగ్గరికొచ్చేసరికి విడిగా నిలిచే మాట ఒక్కటీ లేదు, అన్నీ 'పిల్లి'కి ముందో వెనకో తగిలించినవే. సేద్యానికీ పాడికీ ఆడా మగా తేడా ముఖ్యం. ఎలుకలు పట్టడానికి ఏదైనా ఒకటే! అందుకే మాటలు పుట్టలేదని నా అంచనా. పటంలో ఖాళీ గడి కనిపిస్తే మీరే ఏదో మాట కల్పించి నింపకండి. ఖాళీ అని రాయండి. అదీ సమాచారమే.

6. పర్యాయపదాలను సామెతలో పెట్టి చూడండి

పిల్లికి సంస్కృతంలో పేర్లు కావాలంటే అమరకోశంలో ఒకే చోట ఐదు దొరుకుతాయి: ఓతు, బిడాల, మార్జార, వృషదంశక, ఆఖుభుక్. తెలుగులో మార్జాలం బాగా వాడుకలో ఉంది, బిడాలం పుస్తకాల్లో కనిపిస్తుంది, మిగతావి పద్యాలకూ నిఘంటువులకూ పరిమితం.

కాబట్టి-పరీక్ష పెడితే పిల్లి, మార్జాలం రెండు దిక్కులా పాసవుతాయి. పర్యాయపదాలే. ఇప్పుడు ఒకదాని చోట ఇంకోటి పెట్టండి.

పిల్లికి బిచ్చం పెట్టడు.
మార్జాలానికి బిచ్చం పెట్టడు.

రెండోది అన్నారంటే ఎగతాళి చేస్తున్నారనో, అవధానం చేస్తున్నారనో అనుకుంటారు. ఇటు తిప్పి చూడండి. 'మార్జాల కిశోర న్యాయం' అన్నది వేదాంత చర్చల్లో వచ్చే మాట. పిల్లి తన కూనను నోట కరుచుకుని మోసినట్టు దేవుడే భక్తుణ్ణి మోస్తాడని భావం. అక్కడ 'పిల్లి కిశోర న్యాయం' అంటే చెవికి పడదు. సూచించే జంతువు ఒకటే, తిరిగే చోట్లు వేరు. అందుకని పటంలో పర్యాయపదాల మధ్య గీత గీసినప్పుడు ఆ గీత మీద 'వాడుక', 'గ్రాంథికం', 'పిల్లలతో' లాంటి గుర్తు కూడా రాయాలి. గుర్తు లేని గీత అనువాదకుణ్ణి నిలువునా ముంచుతుంది.

ఇక్కడ మన పాత వ్యాకరణాల్లోంచి ఒక విభజన బాగా పనికొస్తుంది. 'ఆఖు' అంటే ఎలుక, 'భుక్' అంటే తినేది. మాటలోని ముక్కలను బట్టి చూస్తే ఎలుకను తినే ఏ ప్రాణికైనా ఈ పేరు చెల్లాలి: పాముకు, గుడ్లగూబకు కూడా. కానీ కోశకారుడు దాన్ని పిల్లికే కట్టబెట్టాడు. ఇలా ముక్కల అర్థం కనిపిస్తూనే ఒకే వస్తువుకు స్థిరపడ్డ మాటను యోగరూఢం అంటారు. పంకజం అంటే బురదలో పుట్టిన ప్రతిదీ కాకుండా తామర అయినట్టే. మార్జార శబ్దాన్నీ ఇలాగే 'మృజ్', అంటే తుడవడం, శుభ్రం చేయడం అనే ధాతువుతో ముడిపెడతారు. ఒళ్లు నాక్కుంటూ కూర్చునే జంతువుకు తగిన పేరు. 'పిల్లి' మాత్రం రూఢం. మనకు తెలిసినంతలో దాన్ని ముక్కలు చేస్తే ఏమీ రాదు.

జాగ్రత్త ఎక్కడంటే, వ్యుత్పత్తిని అర్థంగా పొరబడకూడదు. ఒళ్లు శుభ్రం చేసుకోని మార్జాలం కూడా మార్జాలమే.

క్రియల్లోనూ ఇలాంటి పట్టింపులున్నాయి. పిల్లి పిల్లల్ని పెడుతుంది, ఆవు ఈనుతుంది, కోడి గుడ్లు పెడుతుంది, మనిషి ప్రసవిస్తుంది. సంతానం కలగడం అన్న అర్థం అన్నిటికీ ఉమ్మడి, కానీ ఏ మాట ఏ ప్రాణితో జత కడుతుందన్నది వేరు. 'మా పిల్లి ప్రసవించింది' అంటే ముద్దుకు అన్నట్టు ఉంటుంది.

7. వ్యతిరేకాలన్నీ ఒకటి కావు

'పిల్లికి వ్యతిరేకపదం ఏమిటి?' అని చిన్నపిల్లల్ని అడిగితే చాలామంది 'ఎలుక' అంటారు, కొందరు 'కుక్క' అంటారు. రెండూ కావు. 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అని పక్కపక్కన విని విని జంటగా గుర్తుండిపోయాయి, అంతే. జంతువుల పేర్లకు మామూలుగా వ్యతిరేకాలు ఉండవు. వ్యతిరేకం కావాలంటే రెండు మాటలు అన్నిట్లో కలిసి, ఒక్క విషయంలో ఎదురెదురు నిలబడాలి.

'కాదు' పెట్టి చూస్తే రకాలు తేలతాయి.

ఆడ–మగ: ఈ పిల్లి ఆడది కాదంటే మగదే. మధ్యలో చోటు దాదాపు లేదు.
బొద్దు–బక్క: ఈ పిల్లి బొద్దుగా లేదంటే బక్కగా ఉందని కాదు. మధ్యలో బోలెడు చోటు. 'చాలా', 'కొంచెం' తగిలించగలిగితే అది ఈ రకం. 'చాలా బొద్దు' అంటాం, 'చాలా ఆడది' అనం.
తల్లి–పిల్ల: ఇది ఆ కూనకు తల్లి అయితే ఆ కూన దీనికి పిల్ల. ఒకే సంబంధాన్ని రెండు చివరల నుంచి చూడడం. 'పిల్లి ఎలుకను పట్టింది', 'ఎలుక పిల్లికి చిక్కింది' కూడా ఇంతే.
చాచడం–ముడవడం: గోళ్లు చాచింది, ముడిచింది. ఒక పనిని ఇంకో పని వెనక్కి తిప్పుతుంది.

ఇప్పుడు 'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' మళ్లీ చూడండి. పటంలో పులి, పిల్లి-1 ఒకే పైమాట కింద ఉండే తోబుట్టువులు. సామెతలో మాత్రం పచ్చి వ్యతిరేకాలు. తిరకాసు ఏమీ లేదు. సామెతలో ఉన్నది పిల్లి-3, పులికి కూడా అక్కడ 'దబాయించేవాడు' అన్న వేరే అర్థం ఉంది. ఆ రెండూ ధైర్యం అనే ఒకే కొలత మీద రెండు చివరలు.

8. భాగాలు: తెలుగులో ఒక మెలిక

'పిల్లికి తోక ఉంది' అన్నది భాగాన్ని పట్టే పరీక్షలా కనిపిస్తుంది. కానీ మన 'కి' విభక్తి అన్నిటినీ మోస్తుంది. పిల్లికి గంట ఉంది, పిల్లికి నాలుగు కూనలున్నాయి, పిల్లికి జ్వరం ఉంది. వీటిలో ఏదీ భాగం కాదు. అందుకని 'ఉంది' బదులు 'ఒంట్లో భాగం' అని అడగండి. తోక పిల్లి ఒంట్లో భాగం, సరే. గంట కాదు, జ్వరం కాదు.

రకం, భాగం కలగలిపేసే వాళ్లు ఎక్కువే. తోక ఒక రకం పిల్లి కాదు, పర్షియన్ పిల్లిలో భాగం కాదు. రెండూ పటంలో పిల్లి కిందే కనిపిస్తాయి కాబట్టి గీతల రంగు మార్చండి.

భాగాన్ని ఎంత పైమెట్టుకు కట్టగలిగితే అంత పైకి కట్టండి. వెన్నెముకను పిల్లి దగ్గర రాయనక్కర్లేదు, వెన్నెముక ఉన్న జంతువులన్నిటికీ పైన ఒక్కసారి రాస్తే కిందికి దానంతట అదే దిగుతుంది. లోపలికి ముడుచుకునే గోళ్లను పిల్లి-2 దగ్గర రాయొచ్చు, కానీ చీతా గోళ్లు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి అక్కడ మినహాయింపు గుర్తు పెట్టాలి. వేళ్లు పిల్లి-1 దగ్గరే రాయండి: ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18. ఎక్కువ వేళ్లతో పుట్టే పిల్లులూ ఉన్నాయి.

మినహాయింపులు వచ్చినా కంగారు పడకండి. చాలా మాంక్స్ పిల్లులకు తోక ఉండదు. 1966లో కెనడాలోని టొరంటోలో పుట్టిన ఒక కూనతో మొదలైన స్ఫింక్స్ రకానికి పైకి కనిపించే బొచ్చు ఉండదు. అయినా రెండూ పిల్లులే. తోక, బొచ్చు మన మనసులో ఉన్న మామూలు పిల్లి బొమ్మలో భాగాలు, పిల్లి కావడానికి షరతులు కావు. మనుషులు వర్గాలను షరతుల పట్టీతో కాకుండా ఇలాంటి నమూనాలతో గుర్తుపెట్టుకుంటారని 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియనోర్ రోష్ చేసిన పరిశోధనలు చూపించాయి. కాబట్టి పటంలో 'మామూలుగా', 'తప్పనిసరిగా' అని రెండు గుర్తులు పెట్టుకోండి.

9. అర్థం ఎక్కడ ఆగి, లోకజ్ఞానం ఎక్కడ మొదలవుతుందో గీత గీయండి

'ఇది గండుపిల్లి, కాబట్టి మగది.' 'ఇది మూడు రంగుల పిల్లి, కాబట్టి ఆడది.' రెండూ దాదాపు ఎప్పుడూ నిజమే. కానీ రెండూ ఒకటి కావు.

తెలుపు, నలుపు, నారింజ మూడూ ఉన్న పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నారింజ, నలుపు రెండూ ఒకే ఒంటి మీద కనబడాలంటే మామూలుగా రెండు ఎక్స్‌లు కావాలి. మగపిల్లికి ఒకటే ఉంటుంది. అరుదుగా అదనపు ఎక్స్‌తో పుట్టిన మగపిల్లికి మూడు రంగులూ వస్తాయి.

తేడా పట్టే పరీక్ష 'కానీ'. 'ఇది మూడు రంగుల పిల్లి, కానీ మగది' అంటే 'అవునా, అరుదే!' అంటారు. 'ఇది గండుపిల్లి, కానీ ఆడది' అంటే మీకు తెలుగు సరిగ్గా రాదనుకుంటారు. మొదటిది లోకం గురించిన వార్త, రెండోది భాషలో పొరపాటు. మాటల పటంలోకి రెండో రకమే రావాలి. మొదటి రకానికి విజ్ఞాన సర్వస్వం ఉంది.

10. పటం గీయండి

కింది నుంచి మొదలుపెట్టి పైకి బాణాలు వేయండి. పర్షియన్ పిల్లి → పిల్లి-1 → పిల్లి-2 → క్షీరదం → వెన్నెముక ఉన్న జంతువు → జంతువు → ప్రాణి. క్షీరదానికి ముందు 'మాంసాహారి' పెట్టాలనిపిస్తే ఆగండి. జంతుశాస్త్రంలో ఆ పేరు ఒక క్రమానిది, అంటే కొన్ని కుటుంబాలను కలిపిన పెద్ద గుంపుది. వెదురు తిని బతికే జెయింట్ పాండా కూడా అందులోనే ఉంది. వాడుకలో మాత్రం మాంసం తినేది అని అర్థం. నంబర్లు వేస్తే తప్ప ఆ మెట్టు నిలవదు.

తర్వాత మూడు చూసుకోండి. బాణాల వెంట నడుస్తూ బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఎక్కడో అర్థాలు కలిసిపోయాయి. ఒక మాటకు రెండు పైమాటలుంటే తప్పేమీ కాదు, గండుపిల్లి పిల్లి కిందా ఉంటుంది, మగజంతువు కిందా ఉంటుంది. ఇక, నిత్యం నోట్లో నానే మెట్టు ఏదో గుర్తు పెట్టండి. గిన్నెలో పాలు మాయమైతే 'పిల్లి తాగింది' అంటారు. 'క్షీరదం తాగింది' అనరు, 'చారల పిల్లి తాగింది' అని కూడా పనిగట్టుకుని అనరు. అనువాదంలో వేరే కారణం లేకపోతే ఆ మధ్య మెట్టు మాటే వాడాలి.

ఇలాంటి పటాన్నే ఒక భాష మొత్తానికి గీసే పని 1985లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ నాయకత్వంలో మొదలైంది. దాని పేరు వర్డ్‌నెట్. అందులో గడి అంటే మాట కాదు, ఒకే అర్థమున్న పర్యాయపదాల గుంపు. భారతీయ భాషలను కలిపే ఇండోవర్డ్‌నెట్‌లో తెలుగు కూడా ఉంది. మీ పటం పూర్తయ్యాకే దాన్ని తెరిచి పోల్చుకోండి. ముందే చూస్తే మీ చెవి చెప్పేది మీకు వినబడదు.

గీసిన పటాన్ని ఇంకొకరికి చూపించకుండా, మీ పరీక్షా వాక్యాలను మాత్రం వాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు తడబడిన వాక్యాల దగ్గర అర్థం నంబర్లు మళ్లీ చూడండి. ఆ తర్వాత కుక్కతో ఇదే పని మొదటి నుంచి చేయండి. కుక్కగొడుగు రెండో దశలోనే పక్కకు పోవాలి.